సీసాలో పడేసిన చిన్న స్ప్రింగులు

వెర్న్ షోల్, లాయిడ్ పెటీ, స్లేట్ హాలో పిస్టల్ క్లబ్ బోర్డులో కూర్చున్న మిగతా పెద్దలూ, వినండి. ఆ తూటా పేల్చింది ఇరీనా హావ్రిలా వేలు కాదు. మీరు పేల్చారు. ఒకడు స్ప్రింగు బిగించి పేల్చాడు, మిగతావాళ్ళు నోరు మూసుకుని పేల్చారు. ఈ మాట మీ ముఖాల మీదే అన్నాను. మీరు కుర్చీలు వెనక్కి జరుపుకుని లేచిపోయారు. అందుకే రాసి, క్లబ్బు పై అంతస్తులో శుక్రవారం చేపల వేపుడుకి జనం కూర్చునే ప్రతి బల్ల మీదా పెడుతున్నాను. తినేవాళ్ళు తింటూ చదువుకోండి.

దెబ్బ తగిలింది నాకు. నేలలోంచి లేచిన కాంక్రీటు పెచ్చు నా మోకాలి కింద చర్మాన్ని చీరేసింది. కుట్లు పడ్డాయి, ఇంకా కుంటుతున్నాను. రక్తం కారినవాడికి ఆవిడ మీద లేని కోపం మీకెందుకొచ్చింది? అది కోపం కాదు. భయం. ఎవరి మీదికి తోసెయ్యాలా అని వెతుక్కునే భయం.

జరిగింది మొదటినుంచీ చెప్తాను, క్లబ్బు మెట్లు ఎన్నడూ దిగనివాడికి కూడా అర్థమయ్యేలా.

మా ఇరీనా స్కూలు బస్సు నడుపుతుంది. చలికాలం గురువారాల్లో క్లబ్బు నేలమాళిగలో పోటీలు జరిగితే, కాల్చేవాళ్ళు నిలబడే లైనుకి పెద్ద ఆవిడే. చేతికి ఎర్రపట్టీ కట్టుకుని వెనక నిలబడి 'లోడ్', 'ఫైర్', 'ఆపండి' అని అరిచేది ఆవిడ. ఆ గొంతు విని బొగ్గు కాల్చే మా కోక్ బట్టీల ఫోర్‌మన్లు కూడా చేతులు కిందకి దించేవారు. తన వంతు వచ్చినప్పుడు పట్టీ ఇంకొకరికిచ్చి తనూ కాలుస్తుంది, వాళ్ళ నాన్న వదిలిపోయిన పాత సైన్యం రకం నలభై అయిదు క్యాలిబర్ పిస్టల్‌తో. ఆ పిస్టల్‌ని ఆవిడ ఎప్పుడూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. పోయిన నవంబరులో మొదటిసారి ఇచ్చింది. వెర్న్‌కి.

క్లబ్బు అధ్యక్షుడు వెర్న్. ఊళ్ళో తుపాకుల కొట్టూ వెర్న్‌దే. ఆ శరత్కాలం వాడికి స్ప్రింగుల పిచ్చి పట్టింది. ఎవడు తూటాలు కొనడానికి వెళ్ళినా అదే పాట: కంపెనీ వేసిన స్ప్రింగు దండగ, గట్టిది వేసుకో, దెబ్బ మెత్తబడుతుంది, తుపాకీ పదికాలాలు ఉంటుంది. క్లబ్బులో సగంమంది వేయించుకున్నారు. నేను వేయించుకోలేదు. తెలివితేటల వల్ల కాదు, వెర్న్ చెప్పిన పని చెయ్యకపోవడం నాకు అలవాటు.

ఆ రోజు ఇరీనాతో పాటు నేనూ కొట్లోనే ఉన్నాను.

"ఇంకా ఆ పాత స్ప్రింగేనా ఇరీనా? అది స్ప్రింగా, చిరిగిన పరుపులోంచి లాగిన తీగా?" అన్నాడు వెర్న్.

"మా నాన్న దాంతోనే కాల్చాడు. నేనూ దాంతోనే కాలుస్తున్నా. నిన్ను ఓడిస్తున్నా కదా, ఇంకేం కావాలి."

"గురి సంగతి కాదు తల్లీ. పేల్చిన ప్రతిసారీ స్లైడు వెనక్కొచ్చి ఫ్రేముని బాదుతోంది. ఓ రోజు పగిలి ఊరుకుంటుంది. అప్పుడు మీ నాన్న ఫొటో ముందు కూర్చుని ఏడుస్తావా? ఇరవై రెండు పౌండ్ల బిగువుది వేస్తా. ఇక్కడే, నువ్వు చూస్తుండగానే."

నాన్న పేరు ఎత్తాడు. ఆవిడ పిస్టల్ బల్ల మీద పెట్టింది.

వెర్న్ పిస్టల్ మూతి దగ్గరి బిరడా తిప్పాడు, పాత స్ప్రింగు బయటికి దూకకుండా బొటనవేలితో అదిమి తీశాడు, కొత్తది తోశాడు, పైన జారే స్లైడుని రెండుసార్లు లాగి వదిలాడు. చేతిపని బాగానే తెలుసు, కాదనను. ప్యాకెట్ దులిపితే ఇంకో స్ప్రింగు రాలింది. బాల్‌పెన్నులో ఉండేంత చిన్నది. దాన్ని గల్లా పక్కనున్న ఊరగాయ సీసాలో పడేశాడు. సీసాలో అప్పటికే అలాంటివి సగానికి ఉన్నాయి.

"అదేంటి?" అంది ఇరీనా.

"ఉత్తిదే. అదనంగా పడేస్తారు వాళ్ళు. నీ పెన్ను పాడైతే వచ్చి ఒకటి తీసుకుపో."

నవ్వాం. నేనూ నవ్వాను. లాయిడ్ పెటీ చొక్కా జేబులో పెన్ను ఆ సీసాలోని స్ప్రింగుతోనే టిక్కుటిక్కుమంటోందని క్లబ్బంతా ఎరుగును.

చలి ముదిరింది. ఒక గురువారం ఇరీనా నా పక్క గడిలో నిలబడింది. స్లైడు వెనక్కి లాగి ఆపి ఉంది, మూతి ముందు నేలవైపు ఉంది. 'లోడ్' అన్నాడు ఆ పూట పట్టీ కట్టుకున్న లాయిడ్. ఆవిడ మ్యాగజైన్ తోసి స్లైడు వదిలింది. పేలింది. మా గడుల ముందు నేల లేచి నా కాలికి తగిలింది.

ఇక్కడ మా క్లబ్బు ఆచారం చెప్పాలి. లైను పైన, అడుగెత్తు అక్షరాలతో పలక ఉంది: తుపాకీ దానంతటది పేలదు. మా తాతలు రాయించారు. మంచి మాటే, ఎంతోమంది పాదాల్ని కాపాడింది. ఎవడైనా వేళకాని వేళ తూటా పేలిస్తే, మరుసటి గురువారం పసుపు గీత మీద నిలబడి అందరూ వినేలా 'నా వేలు, నా తప్పు' అనాలి. అన్నాక అందరూ చప్పట్లు కొడతారు, పైకెళ్ళి ఒక బీరు కొనిస్తారు, అంతటితో సరి. ఆ చలికాలం ఇరీనాకి ముందే ఇద్దరు అలా నిలబడ్డారు. గస్ టోమ్‌చిక్ ఒకడు, డేల్ ఒకడు. బీర్లు తాగారు. మరచిపోయాం.

ఇరీనా ఆ మాట అనలేదు.

నా కాలికి తుండు కడుతూనే చెప్పింది. "నా వేలు మీట మీద లేదు వెర్న్. తిన్నగా చాపి ఉంది."

"అందరూ అదే అంటారమ్మా."

"నేను అందరూ కాదు. తుపాకీ చూడు."

"పైన పలక చదువుకో. చదవడం వచ్చుగా?" అన్నాడు లాయిడ్. "లైను మీద మమ్మల్ని పిల్లల్ని తిట్టినట్టు తిట్టావు ఇన్నేళ్ళు. ఇప్పుడు నీ వంతొచ్చేసరికి దయ్యం పేల్చిందా?"

ఎవడో కిసుక్కుమన్నాడు. ఎవడో నాకు తెలుసు, పేరు రాయను. వాడికి తెలుసు, అది చాలు.

బోర్డు మర్నాడే కూర్చుని తేల్చేసింది. ఎర్రపట్టీ లాక్కుంది. వచ్చే గురువారం గీత మీద నిలబడి ఆ మాట అంటుందా సరే, లేదా క్లబ్బులో పేరు కొట్టేస్తారు. తుపాకీ విప్పి చూసినవాడు ఒక్కడు లేడు. చూస్తే ఎవరి చేతిపని బయటపడుతుందో ఒకడికి తెలుసు, మిగతావాళ్ళకి తెలుసుకోవాలని లేదు.

ఆదివారం ఇరీనా ఇంటికి వెళ్ళాను. వంటింట్లో క్యాబేజీ, నూడుల్సు వేయిస్తోంది. నాకు కంచంలో పెట్టింది, తను తినలేదు. కుడిచేతి చూపుడువేలు బల్ల మీద చాపి, దాన్నే చూస్తూ కూర్చుంది, పరాయి మనిషిని చూసినట్టు.

"అనేస్తాను ఎమిల్. గీత మీద నిలబడి అనేస్తాను."

"లేదన్నావుగా."

"అన్నాను. ఇప్పుడు తెలియడం లేదు. కళ్ళు మూసుకుంటే ఒకసారి వేలు బయట కనిపిస్తోంది, ఒకసారి లోపల కనిపిస్తోంది. అంతమంది అంటుంటే..." వేలు ముడుచుకుంది. "నా వేలు ఎక్కడుందో నాకే తెలియకపోతే, పొద్దున్నే నలభైమంది పిల్లల్ని ఎక్కించుకుని ఆ కొండ మలుపు ఎలా తిప్పను? సెలవు కావాలని నిన్ననే డిపోకి ఫోన్ చేశాను."

బోర్డు పెద్దలూ, ఇదీ మీరు చేసింది. పట్టీ లాక్కోవడం పెద్ద సంగతి కాదు, అది గుడ్డముక్క. ఒక మనిషికి తన చేతి మీద తనకున్న నమ్మకాన్ని లాక్కున్నారు.

నేను కంచం పక్కన పెట్టి తిన్నగా గస్ టోమ్‌చిక్ దగ్గరికి వెళ్ళాను. గరాజులో జింకతొడ కోస్తున్నాడు.

"నీది పేలిన రోజు, నీ వేలు మీట మీద ఉందా?"

"ఎప్పటి సంగతిరా బాబూ. అన్నానుగా నా వేలని."

"అన్నావు. ఉందా?"

కత్తి తుడుచుకున్నాడు. "ఏమో. లేదనే అనుకున్నా. అందరూ నా వంకే చూస్తున్నారు. అనేశా. బీరొచ్చింది. ఏం తేడా?"

"స్ప్రింగు మార్పించావా?"

"వెర్న్ దగ్గర. డేల్ కూడా నాతోపాటే వచ్చాడు. ఎందుకూ?"

ఏం తేడా అట. ఒక్క బీరుకి వాడు తన వేలిని అమ్ముకున్నాడు. ఆ బేరం వల్లే ఇరీనాది పేలింది. మొదటివాడు 'నాకు తెలియదు' అని ఉంటే తుపాకీ విప్పేవాళ్ళం. పలక మీద మాట వందలో తొంభై తొమ్మిదిసార్లు నిజం. ఆ నూరోసారి మనల్ని గుడ్డివాళ్ళని చేసింది కూడా అదే.

సోమవారం నది దాటి అవతలి జిల్లాకి పోయాను. అక్కడ ఆల్మా రస్నాక్ అని ఒకావిడ కొట్టు ఉంది, ఆ ఊళ్ళో పిస్టళ్ళు బాగుచేసేది ఆవిడే. వెర్న్ వాడిన రకం ప్యాకెట్టే అడిగాను. అందులోనూ రెండున్నాయి, పెద్దదీ చిన్నదీ.

"ఈ చిన్నది పెన్నుకా?" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎవడు చెప్పాడు నీకు?"

"మా ఊరి పెద్దమనిషి."

"వాడి దగ్గర నువ్వు పెన్నులే కొనుక్కో. ఇది తూటాని పేల్చే సూదిది. పెద్దది స్లైడుని ముందుకి తోస్తుంది. ఎంత గట్టిదైతే అంత గట్టిగా. స్లైడు టక్కున ఆగుతుంది, లోపలి సూది ఆగదు, ఊపు మీద ముందుకే పోతుంది. పోయి తూటా అడుగున ఉన్న పేలుడు టోపీని పొడుస్తుంది. పొడవకుండా వెనక్కి పట్టుకునేది ఈ చిన్నదే. ముసలి తుపాకీల్లో పాతది చచ్చి ఉంటుంది, అందుకే కొత్తది పక్కనే పెట్టి ఇస్తారు. రెండూ వెయ్యి. లేదంటే రెండూ వెయ్యకు."

"మరి ఎందుకు వెయ్యడు?"

"పెద్దది మార్చడానికి గల్లా దగ్గర కబుర్లు చెప్తూ నిలబడితే చాలు. చిన్నదానికి సూదిని బయటికి లాగాలి, అది కూర్చునే గొట్టం శుభ్రం చెయ్యాలి. బద్ధకం, ఇంకేముంది."

ఇరీనాకి చెప్పాను. విని అంది: "నేను బ్రేకు తొక్కితే నిలబడ్డ పిల్లలు ముందుకు పడతారు. పడకుండా కడ్డీ పట్టుకోమంటాను. వాడు కడ్డీ పీకేశాడు."

సరిగ్గా అంతే.

బుధవారం మధ్యాహ్నం బోర్డుని లైను మీదికి పిలిపించాం. వెర్న్, లాయిడ్ వచ్చారు, మిగతావాళ్ళు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను ఆల్మా చెప్పినట్టు మందు లేని, గుండు లేని ఖాళీ తూటా తొడుగులు తెచ్చాను. అడుగున టోపీ ఒక్కటే ఉంటుంది. పేలితే చిన్న టపాకాయంత చప్పుడు, అంతకుమించి ఏమీ లేదు. ఇరీనా తన పిస్టల్ తీసింది. వెర్న్ బిగించి ఇచ్చాక దాన్ని ఎవరూ విప్పలేదు.

"సర్కస్సు మొదలెట్టు," అన్నాడు లాయిడ్.

ఇరీనా పిస్టల్ వెనకున్న సుత్తి ఎత్తిపెట్టింది, స్లైడు వెనక్కి ఆపి, తొడుగు గొట్టంలో వేసింది. కుడిచేతి వేలు ఎంత దూరంగా చాపిందంటే, గోడకి ఆనుకున్నవాళ్ళందరికీ కనబడింది. ఎడమచేత్తో స్లైడు వదిలింది. టక్. పేలలేదు.

"అయిపోయిందా?" అన్నాడు లాయిడ్. "ఇంక గీత మీదికి రామ్మా."

తొడుగు తీసి నాకిచ్చింది. టోపీ మీద చిన్న గుంట. సూది పొడిచిన గుంట. లాయిడ్‌కి చూపించాను, కళ్ళజోడు తెచ్చుకోలేదన్నాడు. ఇరీనా ఇంకోటి వేసింది. గుంట ఇంకా లోతు. మళ్ళీ వేసింది. పేలింది.

ఇరీనా పిస్టల్‌ని అలాగే పట్టుకుని పక్కకి తిప్పింది. సుత్తి ఎత్తినది ఎత్తినట్టే ఉంది. మీట నొక్కితే సుత్తి పడాలి. సుత్తి పడకుండా టోపీ పేలింది.

"చూశావా వెర్న్. సుత్తి నిలబడే ఉంది," అంది. గొంతు లైను మీది గొంతు.

వెర్న్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వు చేత్తో గొట్టంలో వేశావు. మ్యాగజైన్ నుంచి తీసుకుంటే స్లైడు కాస్త నెమ్మదిస్తుంది. దానికీ దీనికీ పోలికే లేదు. పైగా ఆ టోపీలు మెత్తని రకం."

"పోలిక లేదు కదా?"

"లేదంటున్నాగా."

"అయితే ఇది చాలదు. మ్యాగజైన్లో నిజం తూటాలే వేస్తాను. మూతి నేలవైపు, ఆ రోజు లాగే. నువ్వు పక్క గడిలోకి రా. ఎమిల్ నిలబడ్డ చోట నిలబడు."

వెర్న్ గడి వంక చూశాడు. నేల మీద గుంట ఇంకా పూడ్చలేదు, నా రక్తం చుక్క కూడా ఎవడూ కడగలేదు. అడుగు ముందుకు వెయ్యలేదు.

"రావోయ్," అన్నాను. "తుపాకీ దానంతటది పేలదుగా. పలక చదువుకో."

రాలేదు. కొట్లో బేరం ఉందన్నాడు. చెప్పండి, ఆ స్ప్రింగు మీద నమ్మకం ఉన్నవాడు అలా వెనక్కి తగ్గుతాడా? వాడికి ఆ క్షణంలోనే కాదు, అంతకుముందే తెలుసు. కనీసం అనుమానం ఉంది. ఉండి, ఆవిడని గీత మీద నిలబెట్టబోయాడు.

నేను ఆల్మా ఇచ్చిన చిన్న స్ప్రింగు బల్ల మీద పెట్టాను. ఇరీనా సూది బయటికి లాగింది. దాని మీదున్న పాత స్ప్రింగు ముడుచుకుపోయి, గసి పట్టి, చచ్చిన పురుగులా ఉంది. కొత్తది వేసింది. మళ్ళీ తొడుగులు వేసి వేసి స్లైడు వదిలింది, తెచ్చినవన్నీ అయిపోయేదాకా. ఒక్కటి పేలలేదు. టోపీల మీద గీత కూడా లేదు.

అప్పుడు లాయిడ్ నోరు విప్పాడు. మీరంతా విన్నారు, అయినా రాస్తాను.

"చూడు ఇరీనా, ఇన్సూరెన్సువాళ్ళకి వేలని చెప్పేశాం. ఇప్పుడు స్ప్రింగంటే కొట్టు మీదికొస్తుంది, క్లబ్బు మీదికొస్తుంది, లైనే మూసేస్తారు. రేపు ఓసారి నిలబడి ఆ నాలుగు ముక్కలూ అనెయ్. పట్టీ నీకే ఇచ్చేస్తాం. బీరు నేనే కొనిస్తా. ఎవరికి నష్టం?"

"నాకు," అంది ఇరీనా.

"పంతం పట్టకు."

"లాయిడ్, ఈ చలికాలమంతా నా ముందు గడిలో నిలబడి నేను చెప్పింది విన్నావు. ఇప్పుడూ విను. నేను పంతానికి అనననడం లేదు. నా వేలైతే అనేదాన్ని, మొదటిరోజే అనేదాన్ని. నా వేలు కాదు." పిస్టల్ పెట్టెలో పెట్టింది. "రేపటినుంచి మళ్ళీ బస్సెక్కుతున్నానని డిపోకి చెప్పాలి. మీరు తేల్చుకోండి."

మెట్లెక్కి వెళ్ళిపోయింది. మీరు తేల్చుకోలేదు. కుర్చీలు జరిపారు. మర్నాడు గురువారం లైను తెరిచారు కూడా. పట్టీ లాయిడ్ చేతికి. ఇరీనా పేరు పలక కింది సభ్యుల జాబితాలోంచి పీకేశారు. ఆవిడ లేదు కాబట్టి 'లోడ్' అన్న ప్రతిసారీ నేనే లెక్కపెట్టాను, వెర్న్ చేతిమీదుగా వచ్చిన పిస్టళ్ళు ఎన్ని పక్కపక్కన నిలబడి ఉన్నాయో. లైనులో సగానికి పైనే. ఒక్కోదానిలో చచ్చిన చిన్న స్ప్రింగు. దాని బదులు వెయ్యాల్సినది ఊరగాయ సీసాలో, లేదంటే లాయిడ్ పెన్నులో. ఆ రోజు వేళకాని వేళ ఏదీ పేలలేదు. అదృష్టం. వచ్చేవారానికీ అది ఉండేలా మీరేం కిరాయి కట్టి ఉంచలేదు.

గస్, నీకో మాట. నువ్వు పక్కింటివాడివి, చెడ్డవాడివి కాదు. నీ బీరు నీకు తిరిగి ఇస్తాను. నీ మాట వెనక్కి తీసుకో. డేల్, నువ్వూ. ఆ మాట అన్న గీత మీదే నిలబడి తీసుకోండి. మీరిద్దరూ తీసుకుంటే బోర్డుకి వినపడక తప్పదు.

మిగతా అందరికీ చెప్తున్నాను. లైను తెరవనివ్వకండి. తెరిస్తే ఒక్కరూ గడిలోకి పోకండి. స్ప్రింగు మార్పించిన ప్రతివాడూ పిస్టల్ తెచ్చి పై బల్లల మీద విప్పి పెట్టాలి, అందరూ చూస్తుండగా. వెర్న్ ఆ సీసా తెచ్చి అక్కడే బోర్లించాలి. ఒక్కో సూదికీ ఒక్కో స్ప్రింగు వాడే తన చేత్తో వెయ్యాలి, సూది గొట్టం కడిగి, పెన్నులోది కూడా లాగి. అది అయ్యాక కిందికి దిగి పసుపు గీత మీద నిలబడి, అందరూ వినేలా, 'నా చెయ్యి, నా తప్పు' అనాలి. ఇన్సూరెన్సువాళ్ళకి లాయిడ్ అదే మాట తిరిగి చెప్పాలి. ఎర్రపట్టీ పట్టుకుని బోర్డు మొత్తం ఇరీనా ఇంటికి నడిచి వెళ్ళాలి, ఆవిడ కట్టుకుంటే కట్టుకుంటుంది, లేకపోతే ముఖాన కొడుతుంది, అది ఆవిడ ఇష్టం.

గురువారం దాకా ఆగొద్దు. చేపలు చల్లారనివ్వండి. లేచి ఇంటికెళ్ళి పిస్టళ్ళు తీసుకురండి. ఇప్పుడే.

— ఎమిల్ కొసీబా